సెమీ-హాలో గిటార్ లోపల ఏముంది? అపోహలు - వాస్తవాలు

పోయిన వారం ఒక కుర్రాడు ఎర్ర రంగు సెమీ-హాలో గిటార్ తెచ్చాడు. బిగించే నట్ వదులై, కేబుల్ పెట్టే జాక్ కాస్తా లోపల పడిపోయింది. "లోపలంతా ఖాళీయే కదన్నా, బోర్లించి ఊపితే వచ్చేస్తుందనుకున్నా" అన్నాడు. ఊపాడు. జాక్ రాలేదు సరికదా, ఒక వైరు తెగింది. హైదరాబాద్‌లో చాలా ఏళ్లుగా గిటార్లు బాగుచేస్తున్నాను. ఈ రకం గిటార్ మీద ఉన్నన్ని అపోహలు మరి దేని మీదా వినలేదు. ఈ కోవకి పెద్దన్న అమెరికా కంపెనీ గిబ్సన్ చేసే ఈఎస్-335 కాబట్టి దాని చుట్టూనే చెబుతాను.

అపోహ: సెమీ-హాలో అంటే లోపలంతా బోలు.

వాస్తవం: బోలు రెండు పక్కల రెక్కల్లోనే. 1958లో గిబ్సన్ దీన్ని తెచ్చినప్పుడు, నెక్ దగ్గర నుంచి కింది అంచు దాకా మధ్యలో ఒక మేపుల్ దిమ్మ పెట్టింది. తీగల అదురుని కరెంటు సిగ్నల్‌గా మార్చే పికప్‌లు, తీగలు ఆనే బ్రిడ్జ్ అన్నీ ఆ దిమ్మ మీదే కూర్చుంటాయి. పైచెక్క వంపుగా ఉంటుంది, దిమ్మ చదునుగా ఉంటుంది. ఆ రెండింటి మధ్య సందు పూడ్చడానికి గాట్లు పెట్టిన స్ప్రూస్ ముక్కల్ని వంచి అతికిస్తారు. ఫోన్ టార్చ్ వేసి ఎఫ్-హోల్‌లోంచి (పైచెక్క మీద f ఆకారంలో ఉండే రంధ్రం) చూడండి, గోడలా అడ్డంగా కనిపించేది ఆ దిమ్మే. వేలితో తట్టినా తెలిసిపోతుంది. రెక్క మీద తడితే డబ్బాలా మోగుతుంది, మధ్యలో తడితే బల్ల మీద కొట్టినట్టు ఉంటుంది.

దిమ్మ ఎందుకంటే, ఫీడ్‌బ్యాక్ తగ్గించడానికి. పూర్తి బోలు గిటార్‌ని పెద్ద యాంప్ (ఆంప్లిఫైయర్) ముందు పెడితే స్పీకర్ శబ్దానికి పైచెక్క అదురుతుంది. ఆ అదురుకి తీగలు కదులుతాయి, పికప్ దాన్ని మళ్లీ యాంప్‌కి పంపుతుంది, కాసేపటికి ఊళ మొదలవుతుంది. మధ్యలో దిమ్మ ఉంటే చెక్క అంత తేలిగ్గా అదరదు. అలాగని 335 అసలు ఊళే పెట్టదనుకుంటే అది ఇంకో అపోహ. వాల్యూమ్ పెంచి యాంప్ వైపు తిరగండి, అరుస్తుంది. కొందరికి కావాల్సిందే ఆ అరుపు.

ఈ ఆలోచనకి ముందు ఒక ముచ్చట ఉంది. 1940 ప్రాంతంలో గిటారిస్ట్ లెస్ పాల్ ఆదివారాలు న్యూయార్క్‌లోని ఎపిఫోన్ ఫ్యాక్టరీలో కూర్చుని, నాలుగంగుళాల పైన్ దుంగకి నెక్, పికప్‌లు బిగించాడు. చూడ్డానికి గిటార్‌లా ఉండాలని ఒక ఎపిఫోన్ గిటార్‌ని రెండుగా కోసి చెరో పక్కన అతికించాడు. దాని పేరే 'ద లాగ్', అంటే దుంగ. అదే నేరుగా 335 అయిందని నేను అనను. కానీ మధ్యలో గట్టి చెక్క, పక్కల బోలు రెక్కలు అనే లెక్క మాత్రం అదే. టెడ్ మెకార్టీ నడిపిన గిబ్సన్, ఆ లెక్కకి అందమైన ఒళ్లు తొడిగింది.

ఇక జాక్ సంగతి. ముందు జాక్ రంధ్రంలోంచి దారం దింపి ఎఫ్-హోల్ దగ్గర పైకి లాగుతాను. లోపలి జాక్‌ని కూడా కొక్కెంతో ఎఫ్-హోల్ దాకా తెచ్చుకుంటాను. పాత మొదటి తీగ ఒకటి తీసుకుని దానికి చిన్న వాషర్ తొడిగితే, చివరనున్న గుండు దగ్గర ఆగుతుంది. ఆ తీగని జాక్ వెనక నుంచి దూర్చి, బయటికి వచ్చిన కొసని దారానికి ముడేసి మెల్లగా లాగితే జాక్ దాని రంధ్రంలోకి వచ్చి కూర్చుంటుంది. వాల్యూమ్, టోన్ పాట్‌లు (నాబ్‌ల కింద ఉండే భాగాలు) మార్చాలన్నా ఇదే తంతు, నాలుగింటికీ నాలుగు దారాలు. వెనక మూత ఉండదు కాబట్టి పని ఇలా లోపలి నుంచే చేయాలి. వెనక మూత ఉండే గిబ్సన్ లెస్ పాల్ మోడల్‌కి తీసుకునే కూలీకి దీనికి రెట్టింపు అడిగితే మొహం చిట్లించకండి.

అపోహ: 335 అంటే అప్పట్లో దాని ధర.

వాస్తవం: కాదు, 1958లో దాని లిస్టు ధర 267.50 డాలర్లు. అయితే ఈ అపోహ ఊరికే పుట్టలేదు. గిబ్సన్‌కి ముందు నుంచీ ధరని బట్టి పేరు పెట్టే అలవాటుంది. 1936 నాటి ఈఎస్-150 యాంప్‌తో కలిపి దాదాపు 150 డాలర్లు, 1949లో వచ్చిన ఈఎస్-175 ధర 175 డాలర్లు. ఈఎస్ అంటే ఎలక్ట్రిక్ స్పానిష్. ఒడిలో పెట్టుకుని వాయించే హవాయన్ గిటార్లకి ఈహెచ్ అని పెట్టారు. మన దగ్గర కూడా పాతతరం వాళ్లు 'హవాయన్ గిటారా, స్పానిష్ గిటారా' అని అడిగేది ఈ తేడా గురించే.

అపోహ: అసలైన గిబ్సన్ నిండు చెక్కని చెక్కి చేస్తారు, ప్లైవుడ్ అంటే నాసిరకం.

వాస్తవం: ఆర్విల్ గిబ్సన్ మిషిగన్‌లోని కలమజూలో మాండొలిన్లు చేసిన పద్ధతి అదే. వయొలిన్‌లా పైచెక్కని చెక్కి వంపు తెచ్చేవాడు. 1902లో కంపెనీ పుట్టాక కూడా ఆ పేరు నిలబడింది. 1922లో గిబ్సన్ డిజైనర్ లాయిడ్ లోర్ హయాంలో వచ్చిన ఎల్-5 గిటార్‌కి ఎఫ్-హోల్స్ పెట్టారు. 335 మీద కనిపించే ఎఫ్-హోల్స్ ఆ వంశం నుంచి వచ్చినవే. కానీ ఒళ్లు మాత్రం అలా కాదు. మేపుల్, పాప్లర్, మేపుల్ పొరలు అతికించి, అచ్చులో పెట్టి నొక్కి వంచిన చెక్క అది. ఖర్చు తగ్గుతుంది, ఫీడ్‌బ్యాక్ తగ్గుతుంది, పగుళ్లూ తక్కువ. ఈ మాట చెప్పగానే కస్టమర్ మొహం వాడిపోతుంది. లక్షలు పెట్టి ప్లైవుడ్ కొన్నానా అని! 1958 నాటి పాతవాటికి పెట్టే రేట్లు తెలిస్తే ఆ దిగులు పోతుంది.

ఎఫ్-హోల్స్ లేకపోతే సౌండ్ చచ్చిపోతుందనే వాళ్లకి ఒకటే మాట: 1980లో బ్లూస్ గిటారిస్ట్ బీబీ కింగ్ పేరు మీద వచ్చిన లూసిల్ మోడల్‌కి ఎఫ్-హోల్స్ లేవు; లూసిల్ అనేది ఆయన తన గిటార్లకి పెట్టుకున్న పేరు. ఫీడ్‌బ్యాక్ తగ్గాలని ఆయనే మూయించాడు. అన్నట్టు, మంటలంటుకున్న హాల్లోకి వెళ్లి ఆయన తెచ్చుకున్న మొదటి లూసిల్ కూడా 335 కాదు. ఆ సంఘటన 1949లో, ఆర్కాన్సాలోని ట్విస్ట్ అనే ఊళ్లో జరిగింది. అప్పటికి 335 ఇంకా పుట్టలేదు.

అపోహ: ఇది జాజ్ గిటార్.

వాస్తవం: రాక్ గిటారిస్ట్ ఆల్విన్ లీ 1969లో వుడ్‌స్టాక్ సంగీతోత్సవంలో 335తో వాయించింది చూసి చెప్పండి.

అపోహ: ఎపిఫోన్ అంటే గిబ్సన్‌కి చవక నకలు.

వాస్తవం: ఇది వింటే నాకు నిజంగా ఒళ్లు మండుతుంది. స్మిర్నాలో (ఇప్పటి టర్కీలోని ఇజ్మీర్) వాద్యాలు చేసిన గ్రీకు కుటుంబం స్టాథోపౌలో వాళ్లది. 1903లో న్యూయార్క్ చేరారు. పెద్ద కొడుకు ఎపామినోండాస్‌ని అందరూ ఎపి అనేవారు, కంపెనీ పేరులో ఉన్నది ఆయనే. 1930లలో ఆర్చ్‌టాప్ (పైచెక్క వంపుగా ఉండే) గిటార్లలో గిబ్సన్‌కి సరిజోడు పోటీ వీళ్లు. 1943లో ఎపి పోయాడు, తర్వాత కంపెనీ దిగజారింది. 1957లో గిబ్సన్ యాజమాన్యం దాన్ని 20,000 డాలర్లకి కొనేసింది. మెకార్టీ అనుకున్నది నిలబెట్టి వాయించే పెద్ద బేస్‌ల వ్యాపారం వస్తుందని. వచ్చింది కంపెనీ మొత్తం! ఆ తర్వాత 1960ల చివరి దాకా ఎపిఫోన్, గిబ్సన్ రెండూ కలమజూలోనే తయారయ్యాయి. ఆసియాలో తయారీ మొదలైంది 1970 నుంచి.

ఇందులోనే ఇంకో పొరపాటు ఉంది. ఎపిఫోన్ క్యాసినో చూడ్డానికి 335 లాగే ఉంటుంది గానీ దానిలో దిమ్మ లేదు, పూర్తి బోలు. పికప్‌లు పీ-90 అనే రకానివి. బీటిల్స్‌లో జాన్, పాల్, జార్జ్ ముగ్గురూ వాడింది ఇదే. 335 అనుకుని క్యాసినో కొని, స్టేజి మీద ఊళ ఆగట్లేదని నా దగ్గరికి తెచ్చిన వాళ్లున్నారు. దానికి రిపేర్ ఏముంటుంది, యాంప్‌కి దూరంగా నిలబడమని చెప్పి పంపించాను.

అపోహ: గిబ్సన్ వెళ్లిపోవడంతో కలమజూలో గిటార్ల పని ఆగిపోయింది.

వాస్తవం: 1984లో గిబ్సన్ అక్కడి ఫ్యాక్టరీ మూసి పూర్తిగా టెనెసీకి వెళ్లింది. అక్కడి నాష్‌విల్‌కి రాలేమన్న పాత పనివాళ్లలో కొందరు 1985లో అదే పార్సన్స్ స్ట్రీట్ భవనంలో, కంపెనీ వదిలేసిన కొన్ని పాత యంత్రాలతో హెరిటేజ్ గిటార్స్ పెట్టారు. వాళ్ల హెచ్-535 పట్టుకుని చూడండి, ఆకారంలోనూ చేతిపనిలోనూ 335కి అన్నదమ్ముడే. నెక్ కొసనుండే హెడ్‌స్టాక్ మీద గిబ్సన్ అని లేదు, అంతే.

మన కుర్రాడిది ఎపిఫోన్. జాక్ కింద పళ్లున్న వాషర్ వేసి బిగించాను, ఇక తేలిగ్గా వదలదు. మీ గిటార్ జాక్ వేలితో కదిలిస్తే గుండ్రంగా తిరుగుతుంటే అది పడబోతోందని అర్థం. లోపల పడకముందే రండి, అయిదు నిమిషాల పని.