జంట ఫొటోలో రెండో ముఖం

పదవీ విరమణ దగ్గరపడ్డ ఉద్యోగి పింఛను కాగితాలకు భార్యతో దిగిన జంట ఫొటో జతచేయాలి. ఆయన ఉన్నంతకాలం ఆ ఫొటోలో ఆమెను పట్టించుకునేవారు ఉండరు. ఆయన పోయాక మరణ ధ్రువపత్రం, పింఛను చెల్లింపు ఉత్తర్వు (పీపీఓ) పట్టుకుని ఆమె బ్యాంకుకు వెళితే మాత్రం గుమాస్తా చూసేది ఆ ముఖాన్నే.

1964కు ముందు కేంద్ర ప్రభుత్వోద్యోగి భార్యకు దక్కే పింఛను కొన్నేళ్లతో ఆగిపోయేది. ఆ ఏడాది జనవరి 1న వచ్చిన కుటుంబ పింఛను పథకం దాన్ని జీవితాంతం చేసింది. ఊరికే ఇవ్వలేదు లెండి. గ్రాట్యుటీలో రెండు నెలల జీతానికి సమానమైన మొత్తం వదులుకోవాలి. 1977 సెప్టెంబరు 22 నుంచి ఆ కోత ఎత్తేశారు.

కోత పోయింది కానీ గీత పోలేదు. 1963 డిసెంబరు 31లోపు విరమించినవారి భార్యలు బయటే ఉండిపోయారు. కొత్తవాళ్లెవరూ పైసా కట్టనప్పుడు పాతవాళ్లను ఏ కారణంతో ఆపాలి? పూనమల్ కేసులో 1985 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఈ ముడి విప్పింది. వితంతువుకు కుటుంబ పింఛను హక్కేనని, ఏమీ కట్టకుండానే 1977 సెప్టెంబరు 22 నుంచి ఆ పాత కుటుంబాలకూ ఇవ్వాలని చెప్పింది. భర్త 1963లో విరమించిన ఇల్లాలికి తన పేరు జాబితాలో ఎక్కడానికి రెండు దశాబ్దాలు పట్టింది.

లెక్క కూడా తేదీలతోనే నడుస్తుంది. చివరి జీతం 40,000 అనుకుంటే పింఛను 20,000, మామూలు కుటుంబ పింఛను ఆ జీతంలో 30 శాతం, అంటే 12,000. కరువు భత్యం వేరు. విరమించాక పోతే మొదట కొంతకాలం ఆ 20,000 వస్తుంది. ఏడేళ్లు నిండినా, ఆయన బతికి ఉంటే 67 నిండే రోజు వచ్చినా, ఏది ముందైతే అప్పుడు తగ్గుతుంది. 62లో పోయినవారి భార్యకు అయిదేళ్లే. ఈ సంగతి ముందుగా చెప్పేవారు లేక, ఒక నెల ఖాతాలో డబ్బు తగ్గితే బ్యాంకువాళ్లు పొరబడ్డారనుకునే పెద్దావిడలు ఎందరో.

విరమణ తర్వాత పెళ్లాడిన భార్యనూ కాదనకూడదని 1989లో భగవంతి కేసులో కోర్టు చెప్పింది. 2025 ఏప్రిల్ 1న మొదలైన ఏకీకృత పింఛను పథకంలో భర్త పింఛనులో 60 శాతం భార్యకు ఇస్తారు. అయితే వయసు మీరి విరమించేవారి విషయంలో ఆమె విరమణ నాటికే చట్టబద్ధమైన భార్య అయి ఉండాలి. ఆ మర్నాడు తాళి కట్టించుకున్న ఆమెకు లేదు.