వయసైన వంతెన: పైన ప్రయాణించేవాళ్ల అపోహలు, కింద పనిచేసేవాళ్లకు తెలిసిన వాస్తవాలు

పాత వంతెన తనిఖీకి వెళ్లినప్పుడల్లా ఎవరో ఒకరు బండి ఆపి అడుగుతారు: "సార్, ఇది ఇంకా ఎన్నేళ్లు ఉంటుంది?" ఒక అంకె చెబితే వాళ్లకు తృప్తి. నేను రెయిలింగ్ మీద నుంచి వంగి నీళ్లవైపు చూపిస్తాను. తప్పించుకుంటున్నాననుకుంటారు. నిజానికి పెద్ద నది మీద హైవే వంతెనను బాగుచేయాలా, మార్చాలా అన్న లెక్కలో సగం ఆ నీళ్ల కిందే ఉంటుంది. మిగతా సగం గర్డర్ల (రోడ్డును మోసే పొడవాటి దూలాలు) కింద, బేరింగుల (దూలానికీ పిల్లర్‌కూ మధ్య ఉండి కదలనిచ్చే దిమ్మలు) దగ్గర, మనిషి దూరడానికి ఇబ్బంది పడే సందుల్లో ఉంటుంది. రోడ్డు మీద నుంచి చూసేవాళ్లకు ఇవేవీ కనిపించవు కాబట్టి అపోహలు పుట్టడం సహజమే. నాకు ఎక్కువగా ఎదురయ్యేవి ఇవి.

అపోహ: వయసు మీద పడిందంటే కూలడానికి సిద్ధంగా ఉన్నట్టే

అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో మిసిసిపీ నది మీద ఈడ్స్ వంతెనను 1874లో తెరిచారు. ఈ రోజుకీ దాని మీద కార్లు, కింది అంతస్తులో రైళ్లు తిరుగుతున్నాయి. ఇటలీలోని జెనోవాలో 1967లో తెరిచిన మొరాండీ వంతెన 51 ఏళ్లకే, 2018 ఆగస్టు 14న కూలిపోయి 43 మందిని పొట్టన పెట్టుకుంది. మిన్నియాపొలిస్‌లో మిసిసిపీ మీదే ఉన్న ఐ-35డబ్ల్యూ వంతెన కూడా 1967 నాటిదే. 2007 ఆగస్టు 1 సాయంత్రం, నిండు ట్రాఫిక్‌తో నదిలో పడిపోయింది. 13 మంది చనిపోయారు.

ఈ ఐ-35డబ్ల్యూ గురించి "పాతబడింది, తుప్పు తినేసింది" అని చాలామంది అనుకున్నారు. దర్యాప్తులో తేలింది వేరు. ట్రస్సులో (త్రికోణాలుగా అల్లిన ఉక్కు చట్రం) ఉక్కు కమ్మీలన్నీ వచ్చి కలిసే చోట వాటిని పట్టి ఉంచే గసెట్ ప్లేట్లు కొన్ని అరంగుళం మందమే ఉన్నాయి. ఉండాల్సిన దాంట్లో అది సుమారు సగం. అంటే డిజైన్ కాగితం మీదే జరిగిన తప్పు. తర్వాతి 40 ఏళ్లలో పైన కాంక్రీటు పొర పెరిగింది, డివైడర్ బరువు చేరింది, ఆ రోజు మరమ్మతుల కోసం తెచ్చిన ఇసుక, కంకర, యంత్రాలు సరిగ్గా ఆ భాగం మీదే పెట్టారు.

అందుకే మేము వయసు కంటే ముందు వేరే ప్రశ్నలు వేసుకుంటాం. కట్టినప్పుడు ఎంత మిగులు బలం పెట్టారు? ఏ కాలపు లారీలను దృష్టిలో పెట్టుకున్నారు? వాన నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయి? అన్నిటికంటే ముఖ్యంగా, ఒక భాగం పోతే దాని బరువు మోయడానికి ఇంకో దారి ఉందా? ఈ చివరి ప్రశ్న విలువ అమెరికాలో ఒహాయో నది మీది సిల్వర్ బ్రిడ్జి చూపించింది. 1928లో తెరిచిన ఆ వేలాడే వంతెనలో కేబుళ్ల బదులు గొలుసులాగా ఉక్కు ఐబార్లు (చివర్లలో కన్నాలున్న పట్టీలు) వాడారు, ఒక్కో చోట రెండే రెండు. ఒక ఐబార్ కన్నులో సుమారు రెండున్నర మిల్లీమీటర్ల లోతు పగులు. ఆ జోడును విప్పితే తప్ప అది కంటికి కనబడదు. 1967 డిసెంబరు 15న అది తెగింది, జతలోని రెండోది ఆపలేకపోయింది, మొత్తం వంతెన పోయింది. 46 మంది చనిపోయారు. అమెరికాలో దేశమంతటికీ ఒకే తనిఖీ నియమాలు వచ్చింది ఆ తర్వాతే.

అపోహ: ఇన్నేళ్లు మోసింది, ఇంకొన్నేళ్లు మోయదా?

ఉక్కు తన మీద నుంచి వెళ్లిన ప్రతి లారీనీ లెక్కపెట్టుకుంటుంది. దీన్నే మేము ఫెటీగ్ అంటాం. వెల్డింగ్ అతుకుల దగ్గర ఒత్తిడి హెచ్చుతగ్గులు రెట్టింపైతే నష్టం రెట్టింపు కాదు, దాదాపు ఎనిమిది రెట్లు. కాబట్టి ఓవర్‌లోడ్ లారీని "ఒక్కసారే కదా" అని వదిలేయడం కుదరదు. పాత వంతెన డ్రాయింగుల్లోని లారీ, ఈ రోజు దాని మీద వరుసకట్టి వెళ్లే లారీ ఒకటి కావు. సంఖ్యలోనూ కావు, బరువులోనూ కావు.

అపోహ: వంతెనకు ప్రమాదం పైనున్న బరువుతోనే

చాలామందికి తెలియని విషయం ఇది. నదుల మీది వంతెనలు కూలడానికి పెద్ద కారణం లారీలు కాదు, నీళ్లు. ఇంకా సూటిగా చెప్పాలంటే పునాది చుట్టూ మట్టిని నీళ్లు తోడేయడం. దీన్ని స్కవర్ అంటాం, కోత అనుకోండి.

పారే నీటికి పిల్లర్ అడ్డం రాగానే ప్రవాహం దాని ముఖం మీదుగా కిందికి జారి, అడుగున సుడి తిరిగి, గుర్రపు లాడంలా రెండు పక్కలా చుట్టేస్తుంది. ఆ సుడి అడుగు ఇసుకను ఎత్తిపోస్తూ పోతుంది. వరద ఎంత ఎక్కువైతే గొయ్యి అంత లోతు. అసలు మోసం ఆ తర్వాత జరుగుతుంది. వరద తగ్గేటప్పుడు పైనుంచి కొట్టుకొచ్చిన ఇసుక ఆ గోతిలోనే మళ్లీ పేరుకుంటుంది. నీళ్లు తగ్గాక వెళ్లి చూస్తే నది అడుగు చదునుగా, పిల్లర్ క్షేమంగా కనిపిస్తుంది. వరద మధ్యలో ఆ పునాది ఎంత లోతుదాకా బయటపడిందో ఎవరికీ కనబడదు. పైగా కొత్తగా పేరుకున్న ఇసుక వదులుగా ఉంటుంది, మునుపటి పట్టు ఇవ్వదు. అందుకే సోనార్‌తో (ధ్వని తరంగాలతో కొలిచే పరికరం) అడుగు లోతు కొలుస్తాం, వీలైతే పిల్లర్‌కే పరికరం బిగించి వరద సమయంలోనే రీడింగ్ తీసుకుంటాం.

న్యూయార్క్ రాష్ట్రంలో స్కోహారీ క్రీక్ మీది వంతెన 1987 ఏప్రిల్ 5న వరదలో ఇలాగే పోయింది. లోతు తక్కువ పునాది, కింద మట్టి కొట్టుకుపోయింది, పది మంది చనిపోయారు. పోర్చుగల్‌లో డోరో నది మీది హింట్జ్ రిబేరో వంతెన కథ ఇంకా బాధ కలిగిస్తుంది. 2001 మార్చి 4 రాత్రి ఒక పిల్లర్ కూలి, బస్సు, కార్లు నదిలో పడి 59 మంది చనిపోయారు. ఏళ్ల తరబడి సాగిన ఇసుక తవ్వకం నది అడుగును దించేయడం ఒక ముఖ్య కారణమని తేలింది. వంతెనకు ఎగువనో దిగువనో ఇసుక తోడేవాళ్లకు తాము వంతెన పునాదినే తవ్వుతున్నామన్న ఊహే రాదు. నది అడుగు రెండు మీటర్లు దిగితే పిల్లర్ అంత మేర పట్టు కోల్పోయినట్టే. దాని మీద ఎంత మంచి తారు రోడ్డు వేసినా ఏం లాభం?

అపోహ: కాంక్రీటుకు తుప్పు బాధ లేదు

కాంక్రీటుకు లేదు, లోపలి ఇనుప చువ్వలకు ఉంది. మంచి కాంక్రీటు క్షార స్వభావం వల్ల చువ్వ చుట్టూ రక్షణ పొర ఏర్పడుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఏళ్ల తరబడి లోపలికి చేరినా, ఉప్పు చేరినా ఆ పొర పోతుంది. తుప్పు అసలు ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు చోటు ఆక్రమిస్తుంది కాబట్టి లోపలి నుంచి కాంక్రీటును పగలగొడుతుంది. పెచ్చు ఊడి కనబడేసరికి పని చాలా ముదిరి ఉంటుంది.

ప్రీస్ట్రెస్ కేబుళ్ల (కాంక్రీటును ముందే నొక్కి ఉంచేలా బిగించిన ఉక్కు తీగల కట్టలు) సంగతి ఇంకా కష్టం. వాటిని డక్టులో (గొట్టంలో) పెట్టి గ్రౌట్ (పల్చటి సిమెంటు ముద్ద) నింపుతారు. గ్రౌట్ సరిగా నిండని చోట గాలి, నీరు చేరి కేబుల్ తీగలు ఒక్కొక్కటే తెగుతుంటాయి, పైకి చిన్న మరక కూడా కనబడకపోవచ్చు. మొరాండీ వంతెనలో మోసే తీగలను కాంక్రీటులోనే కప్పేశారు. అవి పాడైపోతున్న సంగతి బయటికి తెలియకుండా చేసింది కూడా ఆ కాంక్రీటే.

అపోహ: వంతెన కదిలితే, ఊగితే అయిపోయినట్టే

ట్రాఫిక్‌లో ఆగినప్పుడు పక్కన లారీ వెళ్తే కింద అదిరినట్టుంటుంది. అప్పుడు చాలామందికి టెన్షన్. అది మామూలే. కదలకపోతేనే నాకు భయం. వంద మీటర్ల ఉక్కు గర్డర్ 30 డిగ్రీల ఉష్ణోగ్రత తేడాకు దాదాపు 36 మిల్లీమీటర్లు పెరుగుతుంది, తగ్గుతుంది. ఆ కదలిక కోసమే బేరింగులు, ఎక్స్‌పాన్షన్ జాయింట్లు (రోడ్డు ముక్కల మధ్య వదిలే సందులు). జాయింట్‌లో చెత్త నిండి, బేరింగ్ తుప్పుతో బిగుసుకుపోతే ఆ తోపుడంతా పిల్లర్ తల మీద పడుతుంది. కారుతున్న జాయింట్ కింద ఉన్న గర్డర్ చివరే ముందుగా పాడవడం ప్రతి తనిఖీలో చూస్తుంటాం.

అపోహ: కొత్తది కట్టాలంటే రాకపోకలు ఆపి పాతది కూల్చాలి

ఇది ఒక పద్ధతి మాత్రమే. అమెరికాలో హడ్సన్ నది మీది టాపన్ జీ వంతెన 1955 నాటిది. దాని పక్కనే కొత్తది కట్టి, 2017లో ఒక సగం, 2018లో రెండో సగం తెరిచారు; ట్రాఫిక్ కొత్తదాని మీదికి మారాక పాతదాన్ని విప్పి తీసేశారు. స్కాట్లాండ్‌లో ఫోర్త్ నదీముఖం మీద 2017లో క్వీన్స్‌ఫెర్రీ క్రాసింగ్ వచ్చినా 1964 నాటి పాత రోడ్డు వంతెనను కూల్చలేదు. బరువు తగ్గించి బస్సులకు, సైకిళ్లకు ఉంచారు.

పునాదులు బాగుంటే వాటిని పారేయనక్కర్లేదు. గంగ మీద పట్నా, హాజీపూర్‌లను కలిపే మహాత్మా గాంధీ సేతు 5.5 కిలోమీటర్లకు పైగా ఉంటుంది, 1982లో ప్రారంభమైంది. కాంటిలివర్ చేతులు (ఒక కొస పిల్లర్‌కు బిగించి, రెండో కొస గాలిలోకి చాచిన దూలాలు) కలిసే చోట్ల కుంగిపోవడంతో పైభాగమంతా తీసేసి, పాత పిల్లర్ల మీదే ఉక్కు ట్రస్సులు పెట్టారు. ఒక వైపు పని జరుగుతుంటే రెండో వైపు ట్రాఫిక్ నడిచింది. 2022 జూన్‌లో రెండు వైపులూ పూర్తయ్యాయి.

నాకు అన్నిటికంటే ముచ్చటైన పని ఒహాయో నది మీది మిల్టన్-మాడిసన్ వంతెనది. కొత్త ట్రస్సును తాత్కాలిక పిల్లర్ల మీద పక్కనే కట్టారు. ట్రాఫిక్‌ను దాని మీదికి మళ్లించారు. పాత ట్రస్సును తీసేసి, 1929 నాటి పిల్లర్లను బలపరిచారు. 2014 ఏప్రిల్‌లో సుమారు 2,400 అడుగుల కొత్త ట్రస్సును పక్కకు జరిపి ఆ పాత పిల్లర్ల మీద కూర్చోబెట్టారు. మా వృత్తిలో ఉన్నవాళ్లు ఆ వీడియోను పెళ్లి వీడియోలా మళ్లీ మళ్లీ చూస్తారు.

అపోహ: కూల్చడం ఎంతసేపు, బాంబు పెడితే సరి

పేలుడు వాడతారు, కానీ అన్నిచోట్లా కాదు, ముందు నెలల తరబడి పని చేయకుండా కాదు. సాధారణంగా వంతెనను కట్టిన క్రమానికి వెనక్కి విప్పుతూ వస్తాం. ఏ ముక్క ముందు తీస్తే మిగతాది అదుపు తప్పుతుందో లెక్క వేయాలి. ప్రీస్ట్రెస్ గర్డర్‌ను తప్పుచోట కోస్తే లోపల బిగించి ఉన్న శక్తి ఒక్కసారిగా బయటపడుతుంది. పడిన ఉక్కును నదిలో నుంచి తీయాలి, లేకపోతే పడవలకు అడ్డం. చేపల సంగతీ చూడాలి. శాన్‌ఫ్రాన్సిస్కో బే బ్రిడ్జి పాత పిల్లర్‌ను 2015 నవంబరులో పేల్చినప్పుడు, నీళ్లలో ధ్వని తరంగం చేపలను చంపకుండా చుట్టూ గాలిబుడగల తెర కట్టారు.

అపోహ: పద్నాలుగు నెలల్లో కట్టొచ్చు, మిగతావాళ్లే నాన్చుతారు

ఐ-35డబ్ల్యూ కూలాక కొత్త వంతెన 2008 సెప్టెంబరులోనే తెరుచుకున్న మాట నిజం. అయితే డబ్బు వెంటనే వచ్చింది, డిజైన్, నిర్మాణం ఒకే కాంట్రాక్టులో నడిచాయి, పాత రోడ్డు వరుసే ఉంది, పగలూ రాత్రీ పనిచేశారు. మామూలు ప్రాజెక్టులో ప్రతి పిల్లర్ చోటా బోరు వేసి మట్టి, రాయి పరీక్షించాలి. దశాబ్దాల వరద లెక్కలు చూడాలి. నదిలో పునాది పనికి వరదలు లేని కొన్ని నెలలే దొరుకుతాయి. ఆ గడువులో బావి పునాది (లోపల తవ్వుతూ నది అడుగులోకి దించే పెద్ద కాంక్రీటు బావి) అనుకున్న లోతుకు దిగకపోయినా, మధ్యలో బండరాయి తగిలి ఒరిగినా, మళ్లీ వచ్చే ఏడాదే. ఆలస్యాలన్నిటికీ ఇదే కారణమని నేను అనను. ఫైళ్ల మీద పోయే కాలం కూడా తక్కువేం కాదు.

ఇక బండి ఆపి అడిగే ఆ పెద్దమనిషికి ఉపయోగపడే మాట ఒకటుంది. వంతెన మొదట్లో నిలబడి రెయిలింగ్ గీతను చివరిదాకా ఒంటికన్నుతో చూడండి. అది సాఫీగా సాగాలి. ఒకచోట కుంగినా, మెలిక తిరిగినా, జాయింట్ దగ్గర రెండు వైపులూ ఒక మట్టంలో లేకపోయినా, మునుపు లేని ఖాళీ కనిపించినా ఫోటో తీసి, తేదీ రాసి, వంతెన చూసుకునే ఇంజినీర్ల ఆఫీసుకు పంపండి. వరద తగ్గిన వారంలో తీసిన ఫోటో అయితే మాకు ఇంకా ఎక్కువ పనికొస్తుంది.