బుడగల అసలు పని

"రాత్రిపూట ఎయిర్ పంప్ చప్పుడుకి నిద్ర పట్టడం లేదు. పడుకునే ముందు ఆపేసి పొద్దున్నే వేస్తే చేపలకు ఇబ్బందా?" అని ఒక పాఠకురాలు అడిగారు. ఆపక తప్పదంటే పగలు ఓ గంట ఆపండి, రాత్రి మాత్రం వద్దు. ఎందుకో తెలియాలంటే ఆ పంప్ నీళ్లలోకి వదిలే బుడగలు ఏం చేస్తున్నాయో చూడాలి. అక్వేరియం మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇదే.

బుడగలోని ఆక్సిజన్ నీళ్లలో కరిగిపోతుంది, చేప దాన్ని పీల్చుకుంటుంది అని చాలామంది అనుకుంటారు. కొంత కరిగే మాట నిజమే. కానీ 30 సెంటీమీటర్ల లోతు నుంచి బుడగ పైకి రావడానికి ఒకటిన్నర సెకను చాలు. నిమిషానికి ఒక లీటరు గాలి కొట్టే పంప్ అనుకుందాం. ఏ క్షణాన చూసినా నీళ్లలో ఉండే గాలి 25 మిల్లీలీటర్లే. అదంతా 4 మిల్లీమీటర్ల బుడగలైతే వాటి మొత్తం ఉపరితలం 375 చదరపు సెంటీమీటర్లు. అదే 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు ఉన్న ట్యాంకులో నీటి పైభాగమే 1800. ఆక్సిజన్ లోపలికి వచ్చే పెద్ద దారి పైనే ఉంది.

అయితే పైనుంచి అదే దిగుతుంది కదా, పంప్ ఎందుకు? దిగుతుంది, ఎంత నెమ్మదిగానో చూడండి. కదలని నీళ్లలో ఆక్సిజన్ వ్యాపనం, అంటే దానంతట అదే పాకడం, గాలిలో కన్నా సుమారు 10,000 రెట్లు నెమ్మది. పైగా దూరం రెట్టింపైతే సమయం నాలుగింతలవుతుంది. మిల్లీమీటరు దాటడానికి నాలుగు నిమిషాలు, సెంటీమీటరుకి ఏడు గంటలు, 30 సెంటీమీటర్లకి ఎనిమిది నెలల పైమాటే! గ్లాసు అడుగున పంచదార వేసి కలపకుండా వదిలేస్తే పైనున్న నీళ్లు చాలాసేపు చప్పగానే ఉంటాయి. చెంచాతో తిప్పితే నిమిషంలో తీపి అంతటా పాకుతుంది. ట్యాంకులో ఆ చెంచా పని బుడగలది. చేపల తోకలు కూడా కాస్త కలుపుతాయి కాబట్టే వెడల్పాటి తొట్టిలో ఒకటి రెండు చేపలు పంప్ లేకుండానే బతికేస్తాయి. మూతి సన్నగా ఉన్న గుండ్రటి గాజు బౌల్‌ని అంచుదాకా నింపితే ఆ అదృష్టం కూడా ఉండదు.

ట్యాంకు పైన వంగి చూడండి. బుడగలు వచ్చే చోట నీరు ఉబ్బి చుట్టూ పరుచుకుంటుంది. మేత రేణువులు అద్దం దాకా జారి, అక్కడ మలుపు తిరిగి కిందికి దిగుతాయి. అడుగునున్న నీరు వంతులవారీగా పైకొచ్చి గాలి తగిలించుకుని వెళ్తోందన్నమాట.

చేప నీళ్లలోని ఆక్సిజన్ పీలుస్తుందని బడిలో చెప్పి వదిలేస్తాం. పిల్లలేమో అది నీటి అణువులో ఉన్న ఆక్సిజనే అనుకుంటారు. అది చేపకు అందదు. అందేది విడిగా కరిగి ఉన్న వాయువే. 25 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో గరిష్ఠంగా 8 మిల్లీగ్రాముల పైచిలుకు. లీటరు గాలిలో అది 270 పైనే. ఈ రెండు అంకెలూ పక్కపక్కన రాసి చూపిస్తే చాలు, పాఠం సగం అయిపోయినట్టే.

ఇక రాత్రి సంగతి. పగలు ఆక్సిజన్ ఇచ్చే మొక్కలు చీకటి పడ్డాక తీసుకోవడమే తప్ప ఇవ్వవు. చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాను మార్చే ఫిల్టర్‌లోని బ్యాక్టీరియాకూ ఆక్సిజన్ ఆకలి ఎక్కువే. అమ్మోనియా రూపంలోని ఒక గ్రాము నైట్రోజన్‌ను నైట్రేట్‌గా మార్చడానికి వాటికి దాదాపు 4.57 గ్రాముల ఆక్సిజన్ కావాలి. అందుకే తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువకి పడిపోతుంది. పొద్దున్న లేచేసరికి చేపలు చచ్చి తేలితే అపశకునమని బెంగపడేవాళ్లున్నారు. శకునం సంగతి పక్కనపెట్టి, రాత్రి పంప్ ఆడిందో లేదో చూడండి. వేడి పెరిగితే ఇంకా కష్టం. 30 డిగ్రీలకు నీరు పట్టుకునేది 7.5 మిల్లీగ్రాములే, చేప అవసరం మాత్రం పెరుగుతుంది. బెట్టా, గౌరామీ జాతి చేపలు పైకొచ్చి నేరుగా గాలి పీల్చగలవు. మిగతా చేపలు పైకి చేరి నోళ్లు తెరుస్తున్నాయంటే ఆక్సిజన్ చాలడం లేదని అనుమానించాలి.

చప్పుడుకి మందు ఉంది. పంప్ కింద మందపాటి స్పాంజ్ ముక్క పెట్టండి. లేదా ఫిల్టర్ నీరు పడే గొట్టాన్ని నీటి పైభాగం అలలాడేలా తిప్పి పెట్టండి. పైన జిడ్డు పొర ఉంటే కాగితం పరిచి ఎత్తేయండి. పంప్ నీటిమట్టం కన్నా కింద ఉంటే గొట్టానికి చెక్ వాల్వ్ (ఒకవైపే వెళ్లనిచ్చే చిన్న బిరడా) తప్పనిసరి, లేకపోతే కరెంట్ పోయినప్పుడు నీళ్లు వెనక్కి పంప్‌లోకి పారతాయి. కరెంట్ ఎంతకీ రాకపోతే మగ్గుతో ట్యాంకు నీళ్లే ముంచి, జానెడు ఎత్తు నుంచి మళ్లీ అందులోనే పోస్తూ ఉండండి.