బెజవాడ సిటీ బస్సుకు దక్కని దారి

విజయవాడలో సిటీ బస్సుల ఆలస్యం మీద మళ్లీ మాటలు రేగుతున్నాయి. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలై, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ ఖర్చు తప్పాక పొద్దున ఎనిమిదిన్నర నుంచి పదిన్నర దాకా ఏలూరు రోడ్డు మీద బస్సు ఎక్కడమే పెద్ద పనైంది. 'ఫ్రీ పెట్టారు, అందుకే లేటవుతున్నాయి' అని కొందరు, 'మెట్రో వస్తే అన్నీ సర్దుకుంటాయి' అని ఇంకొందరు అంటున్నారు. ఎవరూ మాట్లాడని సంగతి సత్యనారాయణపురంలో ఉంది: బస్సుల కోసమే వేసిన లేన్ ఒకటి అక్కడ బస్సుల్లేకుండా పడి ఉంది.

ఈ కథ మొదలైంది బీఆర్‌టీఎస్ దగ్గర, అంటే బస్సులకు విడిగా లేన్ ఇచ్చి వేగంగా నడిపే ఏర్పాటు దగ్గర.

నగరాల్లో రోడ్లు, రవాణా లాంటి వసతులకు డబ్బులిచ్చే జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం పథకాన్ని కేంద్రం 2005 డిసెంబరులో ప్రారంభించింది. మరుసటి ఏడాది వచ్చిన జాతీయ పట్టణ రవాణా విధానం, రోడ్డు మీద చోటు బండికి కాదు, మనిషికి లెక్కగట్టి ఇవ్వాలని చెప్పింది. ఆ ఊపులో విజయవాడకు 15.5 కిలోమీటర్ల బీఆర్‌టీఎస్ మంజూరైంది. విలువ 152.64 కోట్ల రూపాయలు. అందులో భాగంగా, సత్యనారాయణపురంలో ఒకప్పుడు రైలు పట్టాలున్న చోట వెడల్పాటి రోడ్డు పడింది. నడి మధ్యలో బస్సులకు విడిగా లేన్లు, అటూ ఇటూ మిగతా బళ్లకు దారి. కిక్కిరిసిన ఊళ్లో ఇళ్లు పడగొట్టకుండా అంత జాగా దొరకడం మాటలు కాదు. మళ్లీ దొరకదు కూడా.

బస్సు లేన్ మధ్యలోనే ఎందుకంటే, మన రోడ్ల ఎడమ అంచు ఎప్పుడూ ఖాళీగా ఉండదు. కొట్ల ముందు ఆపిన బైకులు, సర్వీసు ఆటోలు, పండ్ల బళ్లు అన్నీ అక్కడే. ఆ అంచుకు ఒదిగి నడవాల్సిన బస్సు ప్రతి స్టాపు దగ్గరా లోపలికి తిరగాలి, మళ్లీ బయటికి రావడానికి తంటాలు పడాలి. మధ్య లేన్‌లో ఆ బాధ లేదు. అహ్మదాబాద్‌లో 2009 నుంచి ఇలాగే నడుస్తున్నాయి.

అక్కడ సాగింది, ఇక్కడ ఎందుకు సాగలేదు? అధికారుల వైపు నుంచి వినిపించే జవాబు ఒకటుంది. లేన్ పడింది ఇళ్ల మధ్య, జనం ఎక్కేది ఏలూరు రోడ్డు, బందరు రోడ్డు మీద. ఆ రెండు రోడ్లలో విడి లేన్‌కు జాగా లేదు. ముక్కగా మిగిలిన లేన్‌లో బస్సులు తిప్పి లాభం లేదు అని. ఢిల్లీలో 2008లో మొదలైన బస్సు కారిడార్‌ను కార్ల వాళ్ల గోల భరించలేక చివరికి తీసేసిన సంగతీ గుర్తు చేస్తారు. ఇందులో కొంత నిజం లేకపోలేదు.

కానీ అహ్మదాబాద్‌కూ మనకూ అసలు తేడా జాగాలో లేదు. అక్కడ జన్‌మార్గ్ అని ఒక కంపెనీ పెట్టి లేనూ, స్టేషన్లూ, బస్సులూ దాని చేతిలో పెట్టారు. బస్సు లేటైతే అడగడానికి ఒక గడప ఉంది. ఇక్కడ రోడ్డు కార్పొరేషన్‌ది, బస్సు ఆర్టీసీది, సిగ్నల్ ట్రాఫిక్ పోలీసులది. బస్సు లేన్‌లో బస్సు నడిపించడం ఈ ముగ్గురిలో ఏ ఒక్కరి పనీ కాలేదు. ఏలూరు రోడ్డు బస్సుల్లో కొన్నింటిని అయినా ఇటు మళ్లించి, కలిసే కూడళ్లలో బస్సుకు ముందు పచ్చ లైటు పడేలా చేసి, ఏడాది పాటు పట్టుగా నడిపి ఉంటే జనం అలవాటు పడేవారు. బస్సు వస్తుందని తెలిస్తే స్టాపుకు మనిషి వస్తాడు, రాదని తెలిస్తే బండి కొనుక్కుంటాడు. బెజవాడ బండి కొనుక్కుంది.

మొన్నొక రోజు పొద్దున్నే ఆ రోడ్డు చివరి దాకా నడిచాను. బస్సు కోసం కట్టిన మధ్య లేన్‌లో వాకింగ్‌కు వచ్చిన పెద్దవాళ్లు, షటిల్ ఆడుతున్న పిల్లలు, ఒక పక్క వరసగా నిలబెట్టిన కార్లు. ఒక టిఫిన్ బండి దగ్గర ఇడ్లీ రేకులు ఆవిరి పడుతున్నాయి. వాళ్లను తప్పుపట్టడానికి లేదు, ఖాళీగా ఉన్న చోట ఎవరైనా కూర్చుంటారు. అక్కడి నుంచి ఏలూరు రోడ్డు మీదికి వచ్చేసరికి తొమ్మిదైంది. ఇరవై నిమిషాల పాటు ఒక్క బస్సూ లేదు, తర్వాత ఒకే రూటువి రెండు వెంటవెంటనే వచ్చాయి. ముందుదానికి ఫుట్‌బోర్డు దాకా జనం. వెనకదాంట్లో సీట్లు ఖాళీ.

ఈ జంట బస్సుల సంగతి తెలిస్తే ఆలస్యం ఎక్కడ పుడుతుందో తెలుస్తుంది. ముందు బస్సు ఏదో సిగ్నల్ దగ్గర నాలుగు నిమిషాలు ఇరుక్కుంటుంది. ఆ నాలుగు నిమిషాల్లో తర్వాతి స్టాపులో ఇంకో పది మంది చేరతారు. వాళ్లు ఎక్కడానికి ఇంకాస్త టైమ్, దాంతో బస్సు మరింత లేటు, ఆ పై స్టాపులో జనం మరింత ఎక్కువ. వెనక వచ్చే బస్సుకు ఎక్కేవాళ్లు తగ్గి, అది తొందరగా వచ్చి దీన్ని అందుకుంటుంది. మొదట ఇరుక్కున్నది రోడ్డు మీద. జనం పెరిగింది ఆ తర్వాత.

స్త్రీశక్తి వల్ల ఆ జనం పెరిగిన మాట నిజమే. సున్నా టికెట్ అయినా కండక్టర్ ఒక్కొక్కరి గుర్తింపు కార్డు చూసి మిషన్‌లో కొట్టి ఇవ్వాల్సిందే, దానికీ టైమ్ పడుతుంది. కానీ నెలకు పది, పన్నెండు వేల జీతానికి బీసెంట్ రోడ్డు బట్టల కొట్లలో నిలబడే అమ్మాయికీ, ఇళ్లలో పనికి పోయే ఆమెకూ బస్సు ఖర్చు మిగలడం చిన్న విషయం కాదు. సింగ్‌నగర్ నుంచి ఆటోలో వచ్చే ఆడవాళ్లు బస్సుకు మారితే రోడ్డు మీద ఆటోలు తగ్గాలి, ఊరు కోరుకోవాల్సింది కూడా అదే. వాళ్లు బస్సెక్కడాన్నే తప్పుగా మాట్లాడటం నాకు కష్టంగా అనిపిస్తుంది.

మళ్లీ వెనక్కి వెళ్లాలి. 2014లో జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం గడువు ముగిసింది. అదే ఏడాది రాష్ట్రం విడిపోయింది. విభజన చట్టంలో విజయవాడ-గుంటూరు-తెనాలి ప్రాంతానికి మెట్రో సాధ్యాసాధ్యాలు చూడాలని రాశారు. 2015 నాటికి ఢిల్లీ మెట్రో సంస్థ తయారుచేసిన నివేదిక వచ్చింది. నెహ్రూ బస్టాండు నుంచి ఒక మెట్రో లైను పెనమలూరుకు, ఒకటి నిడమానూరుకు. ఆ రోజు నుంచి బస్సు లేన్ గురించి అడిగేవాళ్లే లేరు. 2017లో కేంద్రం కొత్త మెట్రో విధానం తెచ్చి, మెట్రో అడిగే ముందు బస్సు లేన్ల లాంటి ఇతర మార్గాలు కూడా లెక్కేసి చూపించమంది. మనకు అవతల అప్పటికే వేసిన బస్సు లేన్ ఉంది!

ఈలోగా ఫ్లైఓవర్లు వచ్చాయి. కనకదుర్గ ఫ్లైఓవర్, బెంజి సర్కిల్ మొదటి ఫ్లైఓవర్ 2020 అక్టోబరులో ప్రారంభమయ్యాయి. హైవే మీద వచ్చే లారీలకూ, కార్లకూ అవి మేలు చేశాయి. సిటీ బస్సుకు స్టాపులు కిందే ఉన్నాయి కాబట్టి అది కిందే తిరుగుతోంది.

ఇప్పుడు మెట్రో మళ్లీ ముందుకొచ్చింది. 2024 చివర్లో రాష్ట్రం ఆమోదించిన మొదటి దశ 38.4 కిలోమీటర్లు, ఖర్చు 11,009 కోట్లు. గన్నవరం నుంచి బస్టాండుకు, అక్కడి నుంచి పెనమలూరుకు. లెక్కేస్తే కిలోమీటరుకు 286 కోట్ల పైచిలుకు. బీఆర్‌టీఎస్‌కు పడింది కిలోమీటరుకు దాదాపు 10 కోట్లు. రెండింటికీ మధ్య ఏళ్లు చాలా గడిచాయి, ధరలు మారాయి, మెట్రో మోసే జనమూ వేరు. అవన్నీ ఒప్పుకున్నా ఆ తేడా చిన్నది కాదు. మెట్రో వద్దని నేను అనడం లేదు. గన్నవరం వైపు ఊరు పెరిగిన తీరు చూస్తే కావాలి కూడా.

కానీ పిల్లర్లు లేచేది ఏలూరు రోడ్డు, బందరు రోడ్డు మీదే. పనులు మొదలైతే రోడ్డు మధ్య రేకులు అడ్డం పెడతారు, ఉన్న రెండు లేన్లు ఒకటవుతాయి. ఆ ఏళ్లలో నిడమానూరు, గన్నవరం వైపు బస్సులు ఎటు నుంచి పోవాలి? సత్యనారాయణపురం నుంచి పడవలరేవు వైపు, ఏలూరు రోడ్డుకు సమాంతరంగా డబ్బులు పెట్టి వేసిన దారి అలాగే ఉంది. మధ్య లేన్‌లోంచి కార్లు తీయించాలి, టిఫిన్ బండ్ల వాళ్లకు పక్కన చోటు చూపించాలి, కూడళ్లలో సిగ్నల్ మార్చాలి. ఇందుకు కార్పొరేషన్, ఆర్టీసీ, పోలీసులు ముగ్గురూ ఒక బల్ల దగ్గర కూర్చోవాలి. అది మొదటి రేకు పాతకముందే జరగాలి.