గడువు దాటింది ఎవరి వల్ల?

జిల్లా కోర్టులో సివిల్ దావా ఓడిపోయారనుకోండి. హైకోర్టులో అప్పీలు వేయడానికి 90 రోజుల గడువు. తీర్పు నకలు రాగానే వకీలుగారి గుమాస్తా ముందు చూసేది తీర్పును కాదు, దాని మీది ముద్రను. నకలుకు అర్జీ పెట్టింది ఎప్పుడు, చార్జీలు కట్టింది ఎప్పుడు, కాపీ సిద్ధమైంది ఎప్పుడు అని వరసగా తేదీలుంటాయి. నకలు తయారీకి పట్టిన రోజులు గడువులోకి రావు. ఆ లెక్కలో ఒక్క రోజు తప్పినా అప్పీలు కట్టతో పాటు ఆలస్యాన్ని మన్నించమనే డిలే పిటిషన్, అఫిడవిట్ పెట్టాల్సిందే. అఫిడవిట్ మీద సంతకం పార్టీది, అంటే కక్షిదారుది. అందులో కారణం చాలాసార్లు వకీలు పొరపాటు. రాసేది కూడా వకీలే!

ఈ పిటిషన్‌కు ఆధారం 1963 లిమిటేషన్ చట్టంలోని 5వ సెక్షన్. 'తగిన కారణం' చూపిస్తే ఆలస్యాన్ని కోర్టు మన్నించవచ్చు. ఇది అప్పీళ్లకు, దరఖాస్తులకే. దావా వేయడంలో గడువు దాటితే దాటినట్టే.

తగిన కారణం అంటే ఏమిటో చట్టం విడమరచలేదు. కోస్తా, సీమ జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న కాలంలోనే, 1890 నాటి లా రిపోర్టులో కనిపించే తీర్పులో మద్రాసు హైకోర్టు ఓ దారి చూపింది: నిర్లక్ష్యం, దురుద్దేశం లేకపోతే ఆ మాటకు ఉదారంగా అర్థం చెప్పుకోవాలని. 1961లో రేవా కోల్‌ఫీల్డ్స్ కేసులో సుప్రీంకోర్టు దాన్నే గుర్తుచేసింది. మరి వకీలు తప్పు తగిన కారణమేనా? కొన్నిసార్లు అవుతుంది, ప్రతిసారీ కాదు, నిజమైన పొరపాటో సాకో చూడాలని 1969లో అదే కోర్టు చెప్పింది.

1979లో ఒక బీమా కంపెనీ అప్పీలు ఆలస్యమైంది. వకీలు గడువు లెక్క తప్పాడు. మేనేజరు సరిచూసుకోవద్దా అంది హైకోర్టు. జస్టిస్ కృష్ణయ్యర్ ఒప్పుకోలేదు. మేనేజరుకు తెలిసింది కంపెనీ నడపడం, లాయర్‌ను పెట్టుకున్నదే నమ్మడానికి కదా అన్నారు. రెండేళ్లకు మరో కేసు. వకీలు రాకపోవడంతో ఒక పల్లెటూరి మనిషి అప్పీలు కొట్టేశారు. ఫీజు కట్టి, కాగితాలిచ్చి ఇంటికెళ్లినవాడు హైకోర్టులో తన వకీలుకు కాపలా కాయాలా అని జస్టిస్ డి.ఎ. దేశాయ్ ఆ అప్పీలును మళ్లీ నిలబెట్టారు. అవతలివారి ఖర్చులు 200 రూపాయలు రాని వకీలు నుంచే వసూలు చేయమన్నారు. నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తంలో అసలు ప్రశ్నను తాకింది ఆ 200 రూపాయలే. పార్టీని మన్నించిన తీర్పులు బోలెడున్నాయి, వకీలు జేబు ముట్టినవి అరుదు.

1998 నాటి కేసులో ఆలస్యం ఏకంగా 883 రోజులు. ఎక్స్ పార్టీ డిక్రీ (ఒక పక్షం హాజరు కాకుండానే ఇచ్చిన తీర్పు) రద్దు పిటిషన్ ఏమైందో వకీలు చెప్పలేదు. ఎన్ని రోజులన్నది కాదు, వివరణ నమ్మదగిందా అన్నదే ముఖ్యమంటూ సుప్రీంకోర్టు మన్నించింది. ఆ పార్టీ అప్పటికే వినియోగదారుల ఫోరానికి వెళ్లి వకీలు మీద 50,000 రూపాయల పరిహారానికి ఆర్డరు తెచ్చుకున్నాడు.

ఈమధ్య గాలి మారింది. తెలుగుగంగ భూసేకరణ కేసులో 5,659 రోజుల ఆలస్యాన్ని మన్నించేది లేదని 2024 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు తేల్చింది. అక్కడ నింద వకీలు మీద కాదు, హక్కుదారుల వారసుల ఉదాసీనత మీద. కానీ జస్టిస్ బేలా త్రివేది, జస్టిస్ పంకజ్ మిథల్‌ల అదే ధర్మాసనం మే 14న వకీళ్ల సేవలు వినియోగదారుల రక్షణ చట్టం కిందికి రావంది. ఆ 50,000 వచ్చిన తలుపు మూసుకుపోయింది. నవంబరులో మరో ధర్మాసనం, తప్పంతా వకీలు మీదికి నెట్టి పార్టీ తప్పుకోలేడని, తన కేసు తనే కనిపెట్టుకోవాలని చెప్పింది.

ఇక మిగిలినవి బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు, లేదంటే నిర్లక్ష్యం మీద వకీలుపై సివిల్ దావా. దానికీ గడువుంది. అది దాటితే 5వ సెక్షన్ పనికిరాదు.