తివాచీ వెనుక వైపు

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్ళకు అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న సంక్రాంతికి మీరంతా వచ్చినప్పుడు ముందుగదిలో ఎర్ర తివాచీ మీద కూర్చుని గవ్వలాట ఆడుకున్నారు కదా. ఆట మధ్యలో మీలో అందరికంటే చిన్నది వంటింట్లోకి పరుగెత్తుకొచ్చి, “అమ్మమ్మా, ఆ తివాచీ మిషను మీద చేశారా?” అని అడిగింది. పొయ్యి మీద అరిసెల పాకం ఉంది. “కాదు తల్లీ, చేత్తో ముడులు వేసి చేశారు” అని చెప్పి పంపేశాను. పాకం ఆగదు కాబట్టి అంతటితో సరిపెట్టాను గానీ, ఆ ప్రశ్నకు అంత చిన్న జవాబు చాలదు. అప్పటి నుంచి అదే మనసులో మెదులుతోంది. అందుకే ఈ ఉత్తరం.

ముందు మీ ఇంట్లో తివాచీ ఏదైనా ఉంటే దాని మూల పట్టుకుని తిరగేసి చూడండి. వెనుక జిగురు పూతో, అంటించిన గోనెగుడ్డో కనిపిస్తే అది ముడులు వేసి నేసింది కాదు. మన ముందుగది తివాచీని తిరగేస్తే పైన ఉన్న పువ్వే వెనుక కూడా ఉంటుంది, ఆవగింజలు వరుసగా పేర్చినట్టు. ఒక్కో గింజ ఒక్కో ముడి. ఈమధ్య కొన్ని యంత్రపు తివాచీలకు కూడా వెనుక పువ్వు కనిపిస్తోంది. అప్పుడు అంచున వేలాడే కుచ్చులు చూడండి. చేతి తివాచీకి ఆ కుచ్చులు వేరుగా ఉండవు, దాని పడుగు దారాల (నేతలో పొడుగునా సాగే దారాల) కొసలే కుచ్చులు. యంత్రపు దానికి చాలావరకు తరువాత కుట్టి ఉంటాయి.

అది మన ఇంటికి ఎలా వచ్చిందో చెబుతాను. 1975లో నేనూ మీ తాతయ్యా ఇరాన్ వెళ్ళాం. ఆ రోజుల్లో మన దేశం నుంచి చాలామంది డాక్టర్లు అక్కడ పనిచేయడానికి వెళ్ళేవారు. కాషాన్ పట్టణం దగ్గర ఒక చిన్న ఆసుపత్రిలో నేను రెండేళ్ళు పనిచేశాను. టెహ్రాన్ నుంచి దక్షిణంగా సుమారు 240 కిలోమీటర్ల దూరంలో, పెద్ద ఉప్పుటెడారి అంచున ఉంటుంది కాషాన్. మట్టి రంగు గోడలు, మట్టి రంగు వీధులు, ఎండాకాలంలో ఆకాశం కూడా మట్టి రంగే. అలాంటి ఊరు ప్రపంచానికి రంగులు పంచింది. గోడలకు అతికించే మెరుగు పలకను అక్కడి భాష పర్షియన్‌లో (ఫార్సీలో) “కాషీ” అంటారు, ఈ ఊరి పేరు మీదే. దగ్గరలోని కమ్సర్‌లో వసంతకాలంలో గులాబీలు కోసి పన్నీరు తీస్తారు.

ఆసుపత్రికి వచ్చే ఆడవాళ్ళలో చాలామందికి నడుము నొప్పి, మెడ నొప్పి. వేళ్ళ కొసలు పగిలి ఉండేవి. ఏం పని చేస్తారని అడిగితే ఒకటే జవాబు, “కాలీ”. అంటే తివాచీ. వాళ్ళలో ఒకామెను నేను ఖానుమ్ అని పిలిచేదాన్ని. మనం “అమ్మగారూ” అన్నట్టు. వైద్యం అయిపోయాక ఒకరోజు ఆమె నన్ను ఇంటికి తీసుకెళ్ళింది.

మన చేనేత మగ్గం మీరు చూశారు, పడుగు నేలకు సమాంతరంగా పరుచుకుని ఉంటుంది. అక్కడి మగ్గం గోడకు ఆనించి నిలబెట్టి ఉంది. దాన్ని “దార్” అంటారు. పైన ఒక దూలం, కింద ఒక దూలం, మధ్యలో వీణ తీగల్లా బిగించిన నూలు పడుగు. దాని ముందు అడ్డంగా ఒక పలక. ఆ పలక మీద ఖానుమ్, ఆమె పెద్ద కూతురు పక్కపక్కన కూర్చున్నారు. తలల పైన రంగురంగుల ఉన్ని ఉండలు గుత్తులుగా వేలాడుతున్నాయి. ఎదురుగా గళ్ళ కాగితం మీద గీసిన నమూనా. దాని పేరు “నక్షే”, మనం పటానికి వాడే నక్షా అన్న మాటే అది. ఒక్కో గడి ఒక్కో ముడి.

ఇక ముడి సంగతి. పక్కపక్కనున్న రెండు పడుగు దారాలు తీసుకోండి. ఉన్ని పోగును ఒక దారం చుట్టూ పూర్తిగా తిప్పి, రెండో దారం వెనుక నుంచి ఊరికే పోనిచ్చి ముందుకు లాగుతారు. అప్పుడు ఒక కొస రెండు దారాల మధ్య నుంచి, ఇంకొకటి పక్క నుంచి బయటకు వస్తాయి. ఇది ఫార్సీ ముడి. ఇరాన్‌లోనే తబ్రీజ్ నగరం వైపు వేసేది తుర్కీ ముడి, అందులో పోగు రెండు దారాలనూ చుట్టుకుంటుంది, రెండు కొసలూ మధ్య నుంచే వస్తాయి. ఫార్సీ ముడితో సన్నని వంపులు, పువ్వు రేకు అంచులు చక్కగా తీయవచ్చు. కాషాన్ వాళ్ళ పేరు ఆ సన్నదనం వల్లే వచ్చింది. ముడి పడగానే చిన్న కత్తితో పోగు తెంపేస్తారు. వరుస పూర్తయ్యాక పేక, అంటే అడ్డదారం, దూర్చి, ఇనుప పళ్ళ దువ్వెనతో గట్టిగా కొడతారు. ఆ దెబ్బకు ముడులన్నీ ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. తరువాత కత్తెరతో కొసలు సమంగా కత్తిరిస్తారు. మీ అరికాళ్ళకు మెత్తగా తగిలేది ఆ కొసలే.

ఖానుమ్ నాకు కూడా ఒక ముడి వేయనిచ్చింది. ఆపరేషన్లలో కుట్లు వేసే చెయ్యి కదా, నాకు రాకుండా పోతుందా అనుకున్నాను. నేను ఒకటి వేసేలోపు ఆమె కూతురు పది వేసింది. నేను వేసినది దువ్వెన దెబ్బకు ఊడి వచ్చింది. ఆమె దాన్ని తీసి, అదే రంగు పోగుతో మళ్ళీ వేసింది. నేను గమనించింది ఏమిటంటే, ఆమె ముడి వంక చూడలేదు. చూపు నక్షే మీదే ఉంది, పని వేళ్ళే చేసుకుపోతున్నాయి.

లెక్కలంటే ఇష్టమైనవాళ్ళ కోసం ఒక లెక్క. 10 సెంటీమీటర్ల వెడల్పులో 60 ముడులు, 10 సెంటీమీటర్ల ఎత్తులో 60 వరుసలు అనుకోండి. అంత చోటులో 3,600 ముడులు. అంటే చదరపు మీటరుకు 3,60,000. చెయ్యి తిరిగిన మనిషి రోజుకు 8,000 ముడులు వేస్తుందనుకుంటే ఒక చదరపు మీటరుకు 45 రోజులు. మూడు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు ఉన్న తివాచీకి 270 రోజులు, అదీ ఒక్కరోజు కూడా సెలవు లేకుండా. పెళ్ళిళ్ళూ జ్వరాలూ పంటకోతలూ కలిపితే ఏడాది దాటిపోతుంది. ఇంట్లో ఒక బిడ్డ పుట్టి నడక నేర్చేంత కాలం ఒకే మగ్గం మీద ఒకే తివాచీ ఉంటుందన్నమాట.

రంగుల గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. మన తివాచీలోని ఎరుపు ఒక మొక్క వేరు నుంచి వచ్చింది. ఆ మొక్క మన మంజిష్ఠకు దగ్గరి చుట్టం. మచిలీపట్నం కలంకారీలోని ఎరుపు కూడా చిరివేరు అనే వేరు నుంచే వచ్చేది. అక్రోటు పైతొక్కతో గోధుమ రంగు, దానిమ్మ తొక్కతో, ద్రాక్షాకులతో పసుపు ఛాయలు. ఉన్నిని ముందుగా పటిక నీళ్ళలో నానబెడతారు, అప్పుడే రంగు పట్టుకుంటుంది. నీలానికి నీలిమందు. 17వ శతాబ్దంలో గోల్కొండ రాజ్యంలో తయారైన నీలిమందు మచిలీపట్నం రేవు నుంచి ఓడల్లో పర్షియాకు వెళ్ళేది. ఇది తెలిసినప్పటి నుంచి పాత పర్షియన్ తివాచీ ఎక్కడ చూసినా ఆ నీలం వైపే నా కళ్ళు పోతాయి.

మన తివాచీలో ఒకచోట ఎరుపు హఠాత్తుగా లేతబడి, అడ్డంగా ఒక చార కనిపిస్తుంది. “ఇక్కడ వెలిసిపోయింది” అని మీ అమ్మ ఎప్పుడూ అంటుంది. వెలిసిపోలేదు. మొదటి కాగులో అద్దిన ఉన్ని అయిపోతే రెండో కాగు పెట్టారు. రంగు తీసిన మొక్క వేరు అదే, కానీ నీళ్ళు మారాయి, మంట మారింది, కాబట్టి ఛాయ మారింది. దాన్ని “అబ్రష్” అంటారు. నాకు తివాచీ మొత్తంలో ఇష్టమైన చోటు అదే. అక్కడ చెయ్యి పెడితే, ఒక ఉదయం మగ్గం దగ్గరికి కొత్త ఉన్ని ఉండ వచ్చిందని తెలుస్తుంది.

మధ్యలోని పెద్ద పతకాన్ని “తోరంజ్” అంటారు. మన మాదీఫలం లాంటి పండు పేరు అది. నాలుగు మూలల్లో ఉన్నవి “లచక్”, అంటే ముక్కోణంగా మడిచిన తలగుడ్డ. పండు, తలగుడ్డ! ఇంటి వస్తువుల పేర్లే పెట్టుకున్నారు వాళ్ళు.

చదువుకునే పిల్లలు కాబట్టి రెండు పాత సంగతులు కూడా చెబుతాను. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో అర్దబీల్ తివాచీ ఉంది. పది మీటర్లకు మించిన పొడవు, అయిదు మీటర్లకు మించిన వెడల్పు, రెండున్నర కోట్లకు పైగా ముడులు. దాని పై అంచున చిన్న గడిలో ఒక పద్య పాదాల జంట, దాని కింద “ఈ గడప సేవకుడు మక్సూద్ కాషానీ పని” అన్న మాట, 946 అన్న హిజ్రీ సంవత్సరం ఉన్నాయి. అంటే 1539-40. కాషాన్ మనిషి పేరు దాదాపు అయిదు వందల ఏళ్ళుగా ఆ ముడుల్లో నిలిచి ఉంది. రంగులు వెలిసిపోకూడదని ఆ తివాచీ మీద ప్రతి అరగంటకూ పది నిమిషాలే దీపాలు వేస్తారు. మీ మేనమామ లండన్‌లోనే ఉన్నాడు కదా, వెళ్ళినప్పుడు ఆ దీపాలు వెలిగేదాకా ఓపికగా నిలబడండి.

రెండోది ఒక కథ. 1722 నాటి ఆఫ్ఘన్ దండయాత్ర తరువాత కాషాన్ నేత బాగా దెబ్బతింది. 19వ శతాబ్దం చివర మొహ్తషమ్ అనే ఉన్ని వర్తకుడి దగ్గర విదేశాల నుంచి తెప్పించిన మెత్తని మెరినో ఉన్ని అమ్ముడుపోకుండా పడి ఉందట. ఆయన భార్య తివాచీలు నేసే సుల్తానాబాద్ ప్రాంతపు ఆడపడుచు. ఆ ఉన్నితో ఆమె ఒక తివాచీ నేసిందని, దాన్ని చూసి ఊరు మళ్ళీ మగ్గం ఎక్కిందని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. ఆయన పేరుతో తివాచీలు ఇప్పటికీ వేలంపాటల్లో గొప్ప ధర పలుకుతాయి. ఆమె పేరు మాత్రం ఎవరూ చెప్పరు. నాకు అది ఎప్పుడూ బాధగానే ఉంటుంది. 2010లో యునెస్కో కాషాన్ నేత విద్యను మానవాళి అభౌతిక సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు, అక్కడ నేసేవారిలో మూడింట రెండు వంతులకు పైగా ఆడవాళ్ళేనని, తల్లీ అమ్మమ్మల దగ్గరే కూతుళ్ళు నేర్చుకుంటారని రాసింది. కనీసం ఆ మాట కాగితం మీదికి ఎక్కింది.

ఇంకో మాట దాచను. “సన్నని ముడులకు చిన్నపిల్లల వేళ్ళే కావాలి” అని ఎవరైనా అంటే నమ్మకండి. అది పిల్లలకు తక్కువ కూలి ఇవ్వడానికి పుట్టించిన మాట. చక్కటి ముడికి కావలసింది ఏళ్ళ అనుభవం. ఇరాన్‌లోని మరో నేత పట్టణం కెర్మాన్‌లో చీకటి గదుల్లో రోజంతా పలక మీద కూర్చోబెట్టడం వల్ల పిల్లల ఎముకలు వంకరపోయేవి. 1923లో అక్కడ రోజుకు ఎనిమిది గంటల పని అని, చిన్న పిల్లలను పెట్టకూడదని ఆజ్ఞ వేయవలసి వచ్చింది. నేను డాక్టరును. వంగిపోయిన ఆ వెన్నులు పెద్దవాళ్ళలో చూశాను. మీరు పెద్దయ్యాక తివాచీ కొంటే, ఎవరు నేశారని అడిగి కొనండి.

మన ఏలూరుకూ దీనితో చుట్టరికం ఉంది. పర్షియా నుంచి వచ్చి స్థిరపడిన నేతగాళ్ళ వల్లే ఇక్కడ ఉన్ని తివాచీల నేత మొదలైంది. ఏలూరు తివాచీలు ఓడలెక్కి ఇంగ్లండు కూడా వెళ్ళాయి. నా చిన్నతనంలో బడికి పోయే దారిలో ఒక ఇంటి అరుగు మీద ఉన్ని ఉండలు ఆరబోసి ఉండేవి. అవి ఎందుకో నాకు కాషాన్ వెళ్ళాక గానీ అర్థం కాలేదు. ఖానుమ్ “తార్, పూద్” అంటుంటే నేను “పడుగు, పేక” అని చెప్పేదాన్ని. ఆమె నవ్వుతూ “పేక, పేక” అని పలికేది.

మేం తిరిగి వచ్చేసే ముందు ఆమె దగ్గరే ఆ తివాచీ కొన్నాం. బేరం ఆడలేదు. ఇప్పుడు కాషాన్ చుట్టుపక్కల యంత్రాల మీద తివాచీలు చేసే కార్ఖానాలు చాలా వచ్చాయి. తక్కువ ధరకు సామాన్యుల ఇళ్ళకు తివాచీ చేరడం మంచిదే. మగ్గాలు తగ్గిపోవడం మాత్రం నాకు కష్టంగా ఉంది.

కాషాన్ దగ్గర మష్హదె అర్దెహాల్‌లో ఏటా శరదృతువులో ఒక ఉత్సవం జరుగుతుంది. అక్కడి సమాధి మందిరంలోని తివాచీ మీద పన్నీరు చల్లి, చుట్టి, ఫీన్ ఊరివాళ్ళకు అప్పగిస్తారు. వాళ్ళు దాన్ని పారే నీళ్ళ దగ్గరికి తీసుకెళ్ళి, అలంకరించిన కర్రలతో ఆ నీళ్ళు చిలకరించి కడిగి, మళ్ళీ మందిరానికి చేరుస్తారు.

మన తివాచీని కూడా కడగాలి. ఒక మూల కాస్త అరిగింది, గవ్వలాట చోటులో పాలమరక ఉంది. ఎవరు పోశారో అడగను. వేసవి సెలవులకు వచ్చేటప్పుడు ఒక స్కేలు, ఒక భూతద్దం తెచ్చుకోండి. డాబా మీద చల్లని నీళ్ళతో కడిగి, నీడలో బోర్లా ఆరవేద్దాం. ఆరేలోపు వెనుక వైపు 10 సెంటీమీటర్ల గడి గీసి, అందులో ముడులు లెక్కపెట్టండి. పొడవు, వెడల్పులు నేను కొలిచి ఉంచుతాను. గుణకారం మీది.

ప్రేమతో,
మీ అమ్మమ్మ
ఏలూరు