మార్చి 20 తేదీ కానప్పుడు

చిరంజీవులకు ఆశీస్సులు.

తేదీలకు మాత్రమే రంగు వేయమంటే, "ఊరి పేరు మార్చి 20 ఏళ్లయింది" అన్న వాక్యంలో "మార్చి 20"కి కంప్యూటర్ ఎందుకు రంగు వేసింది అని మీలో ఒకరు అడిగారు. చాలా మంచి ప్రశ్న.

వాక్యాన్ని పూసల దండ అనుకోండి. ఒక్కో మాట, ఒక్కో అంకె, ఒక్కో చుక్క ఒక్కో పూస. సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు దాన్ని టోకెన్ అంటారు. ప్రతి పూసకూ ఒక చీటీ కట్టి ఉంటుంది: ఇది అంకె, ఇది నెల, ఇది మామూలు మాట అని. 12 నెలల పేర్ల జాబితా చూసి నెల చీటీలు కడతారు. "నెల పూస, దాని పక్కనే 1 నుంచి 31 లోపు అంకె పూస ఉంటే తేదీ అని గుర్తు పెట్టు" అన్నది నియమం. నియమానికి చీటీలే తప్ప అర్థం తెలియదు. "పేరు మార్చి"లోని మార్చికి కూడా జాబితా నెల చీటీనే కట్టింది మరి.

తప్పు కనబడగానే అందరూ నియమం మీద పడి దిద్దుతారు. అలా తొందరపడకండి. ముందు పూసలు చూడండి. మన భాషలో సగం చిక్కులు అక్కడే ఉంటాయి. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషతో వచ్చే మామూలు రెగెక్స్‌లో (పాఠంలో అక్షరాల వరుసలను వెతికే సూత్రం అది) "పదాక్షరం" అనే గుర్తు వాడితే అది గుణింతాలను, పొల్లును అక్షరాలుగా లెక్కించదు. "మార్చి" కాస్తా మ, ర, చ అని మూడు ముక్కలవుతుంది. ఆ గుర్తు బదులు, ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్ పట్టికలో తెలుగుకు ఇచ్చిన 3072 నుంచి 3199 వరకు స్థానాలను నేరుగా రాయండి. "జూన్‌లో" అని టైపు చేసినప్పుడు న్ తర్వాత కంటికి కనబడని అక్షరం ఒకటి పడుతుంది. దాని సంఖ్య 8204, తెలుగు స్థానాల బయట ఉంటుంది. దాన్ని కూడా చేర్చకపోతే పూస అక్కడే విరిగిపోతుంది.

ఆ కనబడని అక్షరాన్ని అసలు పాఠంలోంచి తీసేద్దామనిపిస్తుంది. తీయకండి. యంత్రం పెట్టిన తేదీ గుర్తులన్నీ "ఇన్నో అక్షరం నుంచి ఇన్నో అక్షరం వరకు" అనే లెక్కతో దాచి ఉంటాయి. దండలో ఒక్కటి లాగేస్తే ఆ వెనక ఉన్నవన్నీ జరిగి, రంగు పక్క మాట మీద పడుతుంది. శుభ్రం చేసిన రూపాన్ని చీటీ మీద రాసుకుని, పాఠాన్ని ఉన్నది ఉన్నట్టు వదిలేయాలి. ఆగస్టు, ఆగస్ట్, ఆగష్టు అన్న మూడు రాతలకూ ఇదే మందు: చీటీ మీద ఒకే రూపం ఉంచండి.

ఇక విభక్తులు. జాబితాలోని పేరు పూసకు అచ్చంగా సరిపోవాలంటే "జూన్‌లో" తప్పిపోతుంది. పూస మొదట్లో ఉంటే చాలంటే "మేము", "మేడ" కూడా మే నెలలో కలిసిపోతాయి. అందుకే పేరు వెనక రాదగిన లో, నుంచి, నాటి, వరకు లాంటివి ఏరి రాయాలి. "కు" చేర్చి చూడండి, గోడకు కొట్టే మేకు కూడా నెలైపోతుంది! మే లాంటి పొట్టి పేరుకు విడిగా, గట్టి నియమం పెట్టడమే నయం.

పూసలు కుదిరాక మార్చి సంగతి. నెల, అంకె, ఆ వెనక "ఏళ్ల"తో మొదలయ్యే పూస ఉంటే ఏమీ చేయకు అని రెండో నియమం రాయండి. ("ఏళ్ళ" అని రాసేవాళ్లూ ఉన్నారు, రెండూ పెట్టండి.) పాఠానికి ఇలా గుర్తులు పెట్టే గేట్ అనే సాఫ్ట్‌వేర్‌లో నియమాలను జేప్ అనే భాషలో రాస్తారు. అందులో "అపెల్ట్" పద్ధతి ఎంచుకుంటే ఒకే చోట మొదలైన వాటిలో పొడవైనది గెలుస్తుంది. పొడవు సమానమైతే ప్రాధాన్యం ఎక్కువున్నది, అదీ సమానమైతే ఫైలులో ముందు రాసినది. మూడు పూసల నియమం రెండు పూసలదాన్ని ఓడించి, రంగు వేయకుండా వెళ్లిపోతుంది. ఏమీ చేయని నియమం ఇంత పని చేయడం నాకెప్పుడూ ముచ్చటగానే ఉంటుంది. పైథాన్‌లో ఇలాంటి పనికే వాడే స్పేసీ అనే సాఫ్ట్‌వేర్‌లో పూసల వరుసలను వెతికే మ్యాచర్ అలా కాదు. మీరేమీ చెప్పకపోతే నియమానికి సరిపోయిన పూసల వరుసలు, అంటే జోడీలు, ఒకదాని మీద ఒకటి పడినా అన్నీ ఇచ్చేస్తుంది. పొడవైనవే కావాలని మీరు అడగాలి.

జేప్‌లో ఒక్క జోడీ కూడా దొరకకపోతే ఫైలు పైన, ఏ రకం పూసలు చూడాలో చెప్పే ఇన్‌పుట్ వరుస చూడండి. అందులో ఖాళీలను చేర్చి ఉంటే, నెలకూ అంకెకూ మధ్యనున్న ఖాళీ కూడా ఒక పూసే. దాన్ని నియమంలో రాయాల్సిందే. పని నత్తనడక నడిస్తే "ఏ పూసైనా, ఎన్నైనా" అని ఎక్కడో రాసి ఉంటారు. "0 నుంచి 5 వరకు" అని హద్దు పెట్టండి.

దిద్దిన ప్రతిసారీ చేత్తో గుర్తులు పెట్టి దాచుకున్న పాఠం మీద నడిపి చూడాలి. అందులో 40 తేదీలున్నాయనుకోండి. యంత్రం 50 చోట్ల రంగు వేసి, 35 సరిగ్గా పట్టింది. వేసినవాటిలో ఒప్పు 70 శాతం, ఉన్నవాటిలో దొరికినవి 87.5 శాతం. రెండు లెక్కలూ విడివిడిగా రాసుకోండి. ఒకటి పెంచబోతే రెండోది తగ్గడం మామూలే. ఒక్కసారికి ఒక్క నియమమే మార్చండి, ఓపిక పట్టండి.

ఇప్పుడు మీ పాఠ్యపుస్తకంలో ఏదైనా ఒక పేజీ తీసి "మార్చి" ఉన్న వాక్యాలు ఏరండి. నెల అయినచోట ముందు పూస ఏమిటి, వెనక పూస ఏమిటి, కానిచోట ఏమిటి, రెండు వరసల్లో రాయండి. మీ తర్వాతి నియమం ఆ కాగితం మీదే దొరుకుతుంది.

ఇట్లు,
మీ తాతయ్య